మళ్ళీ చూడలేని సినిమాలు

'మాతృదేవోభవ' సినిమా ఎలా ఉందని ఎవరినైనా అడిగి చూడండి. "చాలా గొప్ప సినిమా" అంటారు. "అయితే ఈ రాత్రికి మరొకసారి చూద్దామా?" అనండి. "వద్దు బాబూ" అంటారు. ఆ సినిమా 1993లో వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటినా ఈ రెండు జవాబులూ మారలేదు. మా వేముల వైపు ఒక తల్లి ఇదే సంగతిని ఇంకా సూటిగా చెప్పింది: "ఒకతూరి చూసినాం, చాలు సార్. మళ్ళా ఆ పిల్లోళ్ళ మొగాలు నేను చూళ్ళేను."

ఆలోచిస్తే ఇది వింతైన మాటే. కడుపునిండా మంచి భోజనం పెట్టిన ఇంటికి మళ్ళీ పోబుద్ధవుతుంది. మంచి పాటను మళ్ళీ పాడించుకుంటాం. బాగులేని సినిమాను రెండోసారి చూడకపోవడంలో విశేషమేమీ లేదు. గొప్పదని నోరారా ఒప్పుకుంటూ, ఇతరులకు చూడమని చెబుతూ, తాము మాత్రం దాని జోలికి వెళ్ళకపోవడమే ఆశ్చర్యం. ఇది మనసులోని మెత్తదనమా? లేక కష్టాన్ని కళ్ళెత్తి చూడనొల్లని పిరికితనమా? పైకి చిన్నదిగా కనబడే ఈ ప్రశ్న వెనుక మన బ్రతుకులకు సంబంధించిన పెద్ద సంగతే దాగి ఉన్నదని నాకనిపిస్తుంది.

ముందు ఆ సినిమా సంగతి చూద్దాం. శారద, సత్యం ఇద్దరూ అనాథలుగా పెరిగి పెళ్ళి చేసుకున్నవారు. నలుగురు బిడ్డలు. భర్తకు తాగుడు అలవాటు. అతడు హత్యకు గురవుతాడు. ఆమెకేమో రక్తక్యాన్సర్. తాను కన్నుమూసేలోగా నలుగురు బిడ్డలకూ ఇళ్ళు వెతికిపెట్టాలి. ఇదీ కథ. కె. అజయ్ కుమార్ దర్శకత్వం వహించగా మాధవి, నాజర్ నటించారు. అదే సంవత్సరం మలయాళంలో సిబి మలయిల్ తీసిన 'ఆకాశదూత్'కు ఇది తెలుగు రూపం. అక్కడా తల్లి పాత్ర మాధవిదే. మలయాళంలో అది క్రైస్తవ కుటుంబపు కథ. కుటుంబ సంక్షేమంపై ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి కూడా పొందింది. ఆ మలయాళ చిత్రానికి ప్రేరణ 1983లో అమెరికా టెలివిజన్ కోసం తీసిన ఒక సినిమా. దాని వెనుక ఉన్నది కల్పన కాదు. అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో లూసిల్ ఫ్రే అనే రైతుకుటుంబపు స్త్రీ ఉండేది. ఆమెకు పదిమంది బిడ్డలు. తనకు క్యాన్సర్ వచ్చిందనీ, ఇక బ్రతకననీ తెలిసి, 1950ల ఆరంభంలో తన బిడ్డలకు ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఇల్లు వెతకడానికి పూనుకున్నది. ఆ మొక్కజొన్న చేల నుండి బయలుదేరిన ఒక తల్లి కథ కేరళ మీదుగా మన చీనీ తోటల దాకా వచ్చింది. భాష మారింది, మతం మారింది, చీరకట్టు మారింది. ఏడుపు మాత్రం మారలేదు.

అయితే ఆ సినిమాలో మనం చూడలేనిది ఏది? తల్లి చావు అని వెంటనే అంటాము. కాని తెలుగు సినిమాల్లో తల్లులు చనిపోవడం మనకు కొత్తేమీ కాదు. దగ్గుతూ చనిపోయిన తల్లుల్ని, గుండెపట్టుకొని ఒరిగిపోయిన తండ్రుల్ని వందసార్లు చూసి, ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నవాళ్ళమే. నా ఉద్దేశంలో మనల్ని కలవరపెట్టేది చావు కాదు. బిడ్డల్ని తీసుకుపోవడానికి దంపతులు వచ్చే ఆ సన్నివేశాలు. ఆ వచ్చినవాళ్ళు దుర్మార్గులు కారు. మంచి బట్టలు కట్టుకొని, మర్యాదగా మాట్లాడుతూ వచ్చిన పెద్దమనుషులు. వారు పిల్లల్ని చూస్తారు, ఎంచుకుంటారు. బుద్ధిమంతుడైన పిల్లవాడికి ఇల్లు దొరుకుతుంది. చంటిబిడ్డకు దొరుకుతుంది. కాలు సరిగా లేని పిల్లవాడి దగ్గర మాత్రం అందరి చూపూ ఒక్క క్షణం ఆగి పక్కకు తప్పుకొంటుంది. కుర్చీలో కూర్చున్న మనకు అక్కడ ముల్లు గుచ్చుకొంటుంది. ఎందుకంటే ఆ దంపతులు అచ్చం మనలాంటివారే. మనమే అయితే ఆ పిల్లవాణ్ణి తీసుకొచ్చుకొని ఉందుమా? రెండోసారి సినిమా చూడడమంటే ఆ ప్రశ్న రెండోసారి వినడం.

ఈ సందర్భంలో మన పులివెందుల తాలూకాలోని కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.యన్. రెడ్డిగారు గుర్తుకొస్తారు. దాదాసాహెబ్ ఫాల్కే బహుమతి అందుకున్న మొదటి దక్షిణాది వ్యక్తి ఆయన. 1951లో ఆయన తీసిన 'మల్లీశ్వరి'ని మన పెద్దలు ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. అయితే నేను చెప్పదలచినది 1950ల మధ్యలో ఆయన తీసిన 'బంగారుపాప' గురించి. జార్జ్ ఇలియట్ అనే ఆంగ్ల రచయిత్రి నవల 'సైలాస్ మార్నర్' ఆధారంగా తీసిన సినిమా అది. లోకం మీద కోపంతో మొరటువాడైన ఒకడి చేతికి దిక్కులేని పసిపాప దొరుకుతుంది. అతడు ఆ పాపను పెంచుతాడు. పెంచుతూ తాను మనిషి అవుతాడు. ఎస్.వి. రంగారావు నటన ఎవరు మరచిపోగలరు? ఆ సినిమాలోనూ కన్నీళ్ళున్నాయి. అయినా మళ్ళీ చూడగలం. అక్కడ పాపను ఎత్తుకునే చేతులు మొదట్లోనే వచ్చేస్తాయి కనుక. 'మాతృదేవోభవ'లో ఆ చేతుల కోసం చూస్తూ కూర్చోవాలి. ఆ ఎదురుచూపే మనం భరించలేనిది.

దుఃఖమంటేనే మనకు పడదు అనుకుంటే పొరపాటు. మన ఊళ్ళలో హరిశ్చంద్ర నాటకం ఆడే రోజుల్ని గుర్తుతెచ్చుకోండి. రాత్రి తొమ్మిదికి మొదలై కోడి కూసేదాకా సాగేది. అందులో జనం నిద్ర ఆపుకొని ఎదురుచూసేది కాటి సీను కోసమే. భార్య బిడ్డ శవాన్ని మోసుకొస్తుంది, కాటికాపరిగా ఉన్న భర్త సుంకం అడుగుతాడు. ఇంతకన్నా గుండెలు పిండే ఘట్టం ఉందా? అయినా పద్యం అయిపోగానే చాపల మీదనుంచి "వన్స్ మోర్" అని కేకలు! నటుడు చెమట తుడుచుకొని, హార్మోనిస్టు వైపు చూసి, ఆ పద్యాన్నే మళ్ళీ అందుకునేవాడు. చచ్చిన బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లిని "మళ్ళీ ఒకసారి ఏడువమ్మా" అని అడిగిన జనం కఠినాత్ములు కారు. రాగం ఆ దుఃఖానికి తీపిని పూసింది. పైగా చివరికి దేవతలు దిగివస్తారనీ, లోహితుడు లేచి కూర్చుంటాడనీ చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. తెల్లవారేసరికి అందరూ బ్రతికే ఉంటారు. 'దేవదాసు' కూడా అంతే. అక్కడ ఎవరూ లేచి కూర్చోరు, నిజమే. కాని పాటలున్నాయి, పాడైపోవడంలో ఒక మత్తు ఉంది. 1953 నుండి మూడు తరాలు ఆ మత్తును మళ్ళీ మళ్ళీ తాగుతూనే ఉన్నాయి.

'మాతృదేవోభవ'లోనే ఈ తేడా చక్కగా కనబడుతుంది. అందులోని పాటకు వేటూరి సుందరరామమూర్తిగారికి ఉత్తమ గీతరచయితగా జాతీయ బహుమతి వచ్చింది. కీరవాణిగారు బాణీ కట్టి తానే పాడారు. ఆ పాటను జనం రేడియోలో విన్నారు, క్యాసెట్లలో విన్నారు, ఇప్పుడు సెల్‌ఫోన్లలో వింటున్నారు. వెయ్యిసార్లు వింటారు. పాట వచ్చే సినిమాను మాత్రం చూడరు! ఏడుపులో రెండు రకాలున్నాయని ఇంతకన్నా రుజువు అక్కరలేదు. ఒకటి మనల్ని తేలికపరుస్తుంది. మరొకటి మన నెత్తిన బరువు పెట్టి పోతుంది.

బరువు పెట్టిపోయిన సినిమాలు తెలుగులో ఇంకా ఉన్నాయి, కాకపోతే వాటిని మొదటిసారి చూసినవారే తక్కువ. ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' ఆధారంగా 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' అటువంటిది. కోడలు పురిటి నొప్పులతో గిలగిలలాడుతుంటే తండ్రీకొడుకులు కదలరు. బీదరికం మనిషిలోని మనిషిని కూడా తినేస్తుందని అంత నిర్దయగా చెప్పిన సినిమా మరొకటి లేదు. తెలంగాణ గడీలో బానిసగా బ్రతికిన స్త్రీ గురించి బి. నర్సింగరావుగారు 1988లో తీసిన 'దాసి' మరొకటి. అందులో నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు దూరదర్శన్‌లో అవార్డు సినిమాలు వేసే కాలంలో కొందరైనా ఇటువంటివి చూశారు. అంతకన్నా ఎక్కువమంది టీవీ కట్టేసి నిద్రపోయారనుకోండి, అది వేరే సంగతి. ప్రపంచమంతటా ఇదే మాట వినిపించే సినిమా ఒకటుంది: జపానులో 1988లో ఇసావో తకహటా తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ళు ఆకలితో కృశించిపోయే కథ. బొమ్మల సినిమాయే కదా అని కూర్చున్నవాళ్ళు లేవలేకపోతారు. మూలకథ రాసిన నొసాకా అకియుకి యుద్ధం ముగిసిన 1945లో తన చిన్న చెల్లెలిని ఆకలికే పోగొట్టుకున్నవాడు. ఆ పిల్లల్ని ఆ సినిమాలో ఎవరూ చంపరు. ఇరుగుపొరుగువారు, చుట్టాలు, రైతులు అందరూ చూస్తూనే ఉంటారు. వారి వారి పనుల్లో వారుంటారు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. చెప్పక తప్పని మాట ఒకటుంది. ఒక తల్లి జబ్బుతో చనిపోయే సినిమాను రెండోసారి చూడలేని మనం, నలభైమందిని వేటకొడవళ్ళతో నరికే సినిమాను పదిసార్లు చూశాము. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర'. సీమ అంటే సుమోలు గాలిలోకి లేవడం, నాటుబాంబులు పేలడం, తెల్లబట్టల మీద నెత్తురు చిమ్మడం. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో హాళ్ళు ఈలలతో మారుమ్రోగిపోయాయి. మన ఊరి రక్తాన్ని మనకే టికెట్టు పెట్టి అమ్మారు. మనం బ్లాకులో కూడా కొన్నాము.

ఇది ఎలా సాధ్యమైంది? తెరమీద నరకబడే ఆ మనుషులకు పేర్లు లేవు. వాళ్ళకు తల్లులు లేరు. కత్తి పడి కూలిపోయినవాడి ఇంట్లో ఆ సాయంకాలం పొయ్యి వెలిగిందా లేదా అని కెమెరా వెళ్ళి చూడదు. వాడి కూతురికి పెళ్ళయిందా, భార్య కూలికి పోతున్నదా, అదీ చూపదు. చూపితే ఆ సినిమా రెండోవారం ఆడదు. పేరులేని వందమంది చావు వినోదం. పేరున్న ఒక్కరి చావు భరించలేని బరువు. కనుక మనం ఏ సినిమాను మళ్ళీ చూడగలం, దేన్ని చూడలేము అన్నది మన అభిరుచికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. ఎవరి చావును మనం చావుగా లెక్కపెట్టామన్నది అందులో బయటపడుతుంది. కొట్లాట ముగిసిన మరునాడు ఆడవాళ్ళ గతి ఏమిటన్న ప్రశ్నతో 2018లో 'అరవింద సమేత వీర రాఘవ' వచ్చింది. అందులోనూ కొట్లాటలు తక్కువేమీ కాదు. అయినా ఆ ప్రశ్న వేసినందుకు మెచ్చుకోవాలి.

ఫ్యాక్షన్ గొడవల్లో ఇంటి మగదిక్కును పోగొట్టుకున్న ఆడవారు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. అటువంటి సినిమా టీవీలో మొదలైతే మాట్లాడకుండా లేచి, బయట అరుగుమీదకు వెళ్ళి కూర్చునే ఒకామెను నేనెరుగుదును. లోపల మనవళ్ళు కేరింతలు కొడుతూ చూస్తుంటారు. మనవళ్ళ మీద ఆమె కోప్పడదు. అయిపోయిన తరువాత లోపలికి వస్తుంది. మనకు పదిసార్లు చూడదగిన సినిమా ఆమెకు ఒక్కసారి కూడా చూడలేని సినిమా.

నాటకశాలలో కార్చే కన్నీటి విలువ గురించి పదహారు వందల ఏళ్ళ క్రితమే పునీత అగస్టీనుగారు నిలదీసి అడిగారు. కార్తేజి నగరంలో విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయనకు నాటకాల పిచ్చి ఉండేది. 'కన్ఫెషన్స్' అనే తన గ్రంథం మూడవ భాగంలో ఆ రోజులను తలచుకొని ఆయన వేసిన ప్రశ్న ఇది: తనకు రాకూడదని కోరుకునే కష్టాన్నే రంగస్థలం మీద చూసి ఏడవాలని మనిషి ఎందుకు కోరుకుంటాడు? అక్కడ కూర్చున్నవాణ్ణి సాయానికి రమ్మని ఎవరూ పిలవరు. దుఃఖించమని మాత్రమే పిలుస్తారు. ఎంత బాగా ఏడిపిస్తే నటుణ్ణి అంత మెచ్చుకుంటాడు. ఏడుపు రాకపోతే విసుక్కొని లేచిపోతాడు. ఇదేం జాలి అని ఆయన అడుగుతారు. చాలా కటువైన ప్రశ్న. అయితే అగస్టీనుగారు చూసినది మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఏడ్చే జనాన్ని. "ఇక నావల్ల కాదు" అని లేచివచ్చిన ప్రేక్షకుడి గురించి ఆయన అక్కడ మాట్లాడలేదు. ఆ ప్రేక్షకుడి పక్షాన ఒక మాట చెప్పవచ్చునని నా అభిప్రాయం. అతడు దుఃఖాన్ని చప్పరించడానికి ఒప్పుకోలేదు. ఆ తల్లి బాధను మరొకసారి తన కాలక్షేపానికి వాడుకోవడం అతనికి మనస్కరించలేదు. అందులో ఒక మర్యాద ఉంది.

సిలువ శ్రమల విషయంలోనూ మన విశ్వాసులకు ఇదే అనుభవమైంది. 2004లో విభూది బుధవారంనాడు అమెరికాలో విడుదలైన మెల్ గిబ్సన్ సినిమా 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్' మన దేశానికీ వచ్చింది. కొరడా దెబ్బల సన్నివేశం వచ్చేసరికి చాలామంది తలదించుకున్నారు. భక్తిగల పెద్దవారెందరో "చూశాము, మళ్ళీ చూడలేము" అన్నారు. మరి 1978లో భీంసింగ్ దర్శకత్వంలో విజయచందర్ నటించిన 'కరుణామయుడు'ను మాత్రం ప్రతి తపస్సు కాలంలోనూ గుడి ఆవరణలో తెర కట్టి చూస్తూనే ఉన్నాం. అక్కడా మేకులు కొట్టారు, అక్కడా తల్లి ఏడ్చింది. ఒకటి దెబ్బను చూపింది, మరొకటి దెబ్బతిన్నవాని ముఖాన్ని చూపింది అని నేననుకుంటాను. కాదనేవారు ఉండవచ్చు, దెబ్బ ఎంతటిదో తెలియకపోతే ముఖం మాత్రం ఎలా అర్థమవుతుందని ఒక యువకుడు నాతో వాదించాడు కూడా. అతని మాటలోనూ పస ఉంది.

ఇక్కడ మరొక చిక్కు కలదు. ఆ సినిమాను రెండోసారి చూడలేనివారే, తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం సిలువ మార్గానికి వస్తారు. పద్నాలుగు స్థలాలు. అదే తీర్పు, అవే మూడు పడిపోవడాలు, అదే మరణం. ముసలమ్మలు మోకాళ్ళ నొప్పులతోనే ప్రతి స్థలం దగ్గరా మోకరిస్తారు. అరవై ఏళ్ళుగా చేస్తున్నా "ఇక చాలు" అనరు. ఎందుకని? సిలువ మార్గంలో ఎవరికీ కుర్చీ వేయరు. నడవాలి, మోకరించాలి, లేవాలి, పాడాలి. ఐదవ స్థలంలో సీమోను సిలువకు భుజం పడతాడు. ఆరవ స్థలంలో వెరోనికమ్మ గుడ్డతో ముఖం తుడుస్తుంది. చూస్తున్నవాళ్ళకు చేయవలసిన పని ఏదో ఒకటి ఉందని ఆ ఇద్దరూ అక్కడ నిలబడి చెబుతున్నారు. సినిమా హాలు చీకటిలో మన చేతులకు పని లేదు. బాధను కళ్ళతో మాత్రమే మోయవలసి వచ్చినప్పుడు అది మోయలేనిదౌతుంది. చేయి కలిస్తే అదే బాధను జీవితమంతా మోయగలం. మంచాన పడిన అత్తకు పదేళ్ళు గంజి తాగించిన కోడళ్ళు మన విచారణల్లో లేరా? ఆ కోడలే 'మాతృదేవోభవ' టీవీలో వస్తే చానలు మారుస్తుంది. ఆమెను పిరికిదనగలమా?

లూకా సువిశేషంలోని మంచి సమరీయుని ఉపమానాన్ని ఈ కోణంలో చదివితే నాకొక సంగతి తోచింది. గాయపడినవాణ్ణి యాజకుడు చూశాడు. లేవీయుడు చూశాడు. సమరీయుడూ చూశాడు. ముగ్గురూ ఒక్కసారే చూశారు. మొదటి ఇద్దరూ పక్కగా తప్పుకొని పోవడాన్ని గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. కాని సమరీయుడు సత్రపు యజమానికి రెండు దీనారాలు ఇచ్చిన తరువాత చెప్పిన మాటను అంతగా పట్టించుకోము. తిరుగు ప్రయాణంలో మళ్ళీ వస్తాననీ, ఇంకేమైనా ఖర్చయితే అప్పుడు తీరుస్తాననీ అంటాడు. అంటే అతడు రెండోసారి చూడడానికి ఒప్పుకున్నాడు! రక్తం కారుతున్నప్పుడు ఒకసారి చూసి జాలిపడడం కష్టమేమీ కాదు. వారం తరువాత, పుండు మానుతున్నప్పుడు, జాలి ఆరిపోయాక తిరిగి వచ్చి బాకీ లెక్క చూడడం కష్టం.

మన ప్రాంతంలో ఒకసారి చూసి వెళ్ళినవారికి కొదవ లేదు. వేముల మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి కర్మాగారం 2012లో మొదలైంది. దాని వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్ళు చెడిపోయాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ చుట్టుపక్కల కె.కె. కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె రైతులు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. అధికారులు, నిపుణులు, విలేఖరులు వచ్చారు, చూశారు, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. ఆ నీళ్ళ సంగతి తేల్చవలసినవారు నిపుణులే. కాని అక్కడి ఆడవాళ్ళు అడిగేది అంత పెద్ద ప్రశ్న కాదు: "ఆ వచ్చినోళ్ళు మళ్ళా వస్తారా సార్?"

'మాతృదేవోభవ'లోని కాలు సరిగా లేని పిల్లవాడు కూడా సినిమాలో మాత్రమే లేడు. మన దేశంలో దత్తత కోసం పేర్లు నమోదు చేసుకొని ఎదురుచూసే దంపతులు వేలల్లో ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న చంటిబిడ్డ కోసం ఏళ్ళ తరబడి వరుసలో ఉంటారు. వైకల్యమున్న పిల్లలు, కాస్త వయసు వచ్చిన పిల్లలు ఆశ్రమాల్లో అలాగే ఉండిపోతారు. ఇల్లు దొరికిన వికలాంగ బాలల్లో చాలామందిని విదేశాలవారే వచ్చి తీసుకెళ్తున్నారు. ఇది ఎవరినో తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వికలాంగుడైన బిడ్డను పెంచడానికి డబ్బు కావాలి, ఓపిక కావాలి, చుట్టుపక్కల మనుషులు కావాలి. అందరూ దత్తత తీసుకోలేరు. అయితే మీ విచారణకు దగ్గరలో కన్యాస్త్రీలు నడిపే ఇల్లు ఉంటే, క్రిస్మస్‌కు కేకుతో ఒకసారి వెళ్ళి ఫొటో దిగి వచ్చే బదులు, సంక్రాంతి అయిపోయాక వట్టి చేతులతోనైనా రెండోసారి వెళ్ళి చూడండి. పిల్లలు మీ ముఖం గుర్తుపడతారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ అనుభవం రాదు.

సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంగా 1995లో రోమునుండి నలభై ఐదు ఉత్తమ చిత్రాల పట్టిక ఒకటి వెలువడింది. విలువలు అనే విభాగంలో 'షిండ్లర్స్ లిస్ట్' కూడా ఉంది. హిట్లరు కాలంలో యూదులను చంపిన శిబిరాల కథ. ఇది కూడా ఒక్కసారి చూస్తే చాలనిపించే సినిమాయే. దాన్ని తీసిన స్పీల్‌బర్గ్ ఆ మరుసటి సంవత్సరమే, 1994లో, బ్రతికి బయటపడినవారి నోటిమాటలను చిత్రించి భద్రపరచే సంస్థను స్థాపించాడు. 50 వేలమందికి పైగా అక్కడ తమ కథ చెప్పారు. వారి ఎదుట ఎవరో ఒకరు కూర్చొని, ఒక్కొక్కరి పేరు అడిగి, ఊరు అడిగి, తల్లి పేరు అడిగి విన్నారు. సినిమాను రెండోసారి చూడడం కంటే అది ఎంతో పెద్ద పని.

చివరగా, ఇటువంటి సినిమాలు పిల్లలకు చూపవచ్చునా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. పదేళ్ళలోపు పిల్లలకు 'మాతృదేవోభవ' వద్దనే చెబుతాను. అమ్మ పోతుందేమోనన్న భయం ఆ వయసులో రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వదు. కొంచెం పెద్దయ్యాక చూపండి, ఒక్కసారే చూపండి. పక్కన కూర్చోండి. అయిపోగానే వాతావరణం తేలికపరచాలని కామెడీ సీన్లు పెట్టకండి. కాసేపు ఇల్లు నిశ్శబ్దంగా ఉండనివ్వండి. పిల్లవాడు అడగదలచుకున్నది అప్పుడే అడుగుతాడు, ఒక్కోసారి రెండు రోజుల తరువాత అన్నం తింటూ అడుగుతాడు. కొడవళ్ళ సినిమాల విషయంలో మాత్రం తల్లిదండ్రులెవరూ ఈ ప్రశ్న అడగడం నేను ఇంతవరకు వినలేదు.